దసరా సెలవులకి కో సమూయ్ వెళ్లొచ్చా?

ప్రశ్న: ఫ్రెండ్స్, దసరా సెలవుల్లో పిల్లలతో థాయ్‌లాండ్ ఐలాండ్ ప్లాన్ చేస్తున్నాం, ఫుకెట్‌లో జనం ఎక్కువని సమూయ్ అనుకుంటున్నాం, మా అత్తయ్యగారు కూడా వస్తున్నారు, ఆవిడ ప్యూర్ వెజ్. వానల సంగతేంటి?

రిప్లై 1: అక్టోబర్ వద్దండీ. సమూయ్‌లో అప్పుడే వానలు మొదలై నవంబర్‌లో దంచికొడతాయి, ఫుకెట్, క్రాబీ వైపేమో మే నుంచి అక్టోబర్ దాకా వానలే, అలలు కూడా పెద్దవి, బీచ్‌లో ఎర్రజెండా పెడితే పిల్లల్ని నీళ్లలోకి అస్సలు దింపకండి. వేసవి సెలవులకి మార్చుకోండి, ఎండ మండిపోయినా సమూయ్‌లో సముద్రం మామూలుగా ప్రశాంతంగానే ఉంటుంది.

రిప్లై 2: సమూయ్‌కి డైరెక్ట్ ఫ్లైట్ బాగా ఖరీదు. బ్యాంకాక్ నుంచి సూరత్ థానీకి ఫ్లైట్, అక్కణ్ణుంచి బస్సులో డొన్‌సాక్ రేవు, తర్వాత ఫెర్రీ గంటన్నర. పెద్దావిడ ఉన్నారు కదా, మధ్యలో ఒక రాత్రి ఆగండి.

రిప్లై 3: అత్తయ్యగారి తిండి విషయం జాగ్రత్త, ఉత్త కూరగాయల వేపుడే కదా అనుకుంటాం గానీ అందులోనూ చేపల సాస్ పోస్తారు. పసుపు జెండా మీద ఎర్రక్షరాలున్న కొట్లు వెతకండి, అక్కడ మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు.