పిల్లి మలాన్ని పూడ్చకపోతే అది పెత్తనమా, ఇబ్బందా?

నీలికళ్ళు:
మా మగపిల్లికి నాలుగేళ్ళు. రెండో పిల్లి వచ్చిన నెల నుంచి మలం మీద ఇసుక కప్పడం మానేసింది. అది మలవిసర్జనకు వాడే ఇసుక డబ్బా అంచును, పక్క గోడను నాలుగుసార్లు గోకి వచ్చేస్తోంది. కొత్తదాని మీద పెత్తనం చూపిస్తోందని మా అత్తగారు అంటున్నారు. మీరేమంటారు?

పెరటి కాపరి:
అత్తగారి మాటే సరైనది. మన ఇళ్ళలోని పిల్లులు ఆఫ్రికా అడవిపిల్లి సంతతి. శత్రువు వాసన పట్టకుండా మలాన్ని దాచడం వాటి అలవాటు. భయం లేని పిల్లి ఎందుకు దాచుతుంది? పులి చెట్ల మీద మూత్రం చిమ్మదా?

మూడు పిల్లుల ఇల్లు:
పులి చిమ్మేది సరిహద్దు గుర్తుగా. పొలాల దగ్గర తిరిగే పిల్లులు కూడా మకాంకు దగ్గరలో పూడ్చి, దూరంగా ఉన్న దారుల్లో వదిలేయడం పరిశీలకులు చూశారు. పెత్తనమే అయితే మలం నలుగురికీ కనబడేచోట ఉండాలి కానీ డబ్బాలో ఎందుకుంటుంది?

నీలికళ్ళు గారూ, అంచును గోకుతోందన్నారే, నేను అక్కడే ఆగిపోయాను. దానికి పూడ్చాలనే ఉంది, ఇసుకలో పాదం పెట్టడమే ఇష్టం లేదు. మా పెద్దపిల్లి కూడా ముందుకాళ్ళు అంచు మీద ఆనించి గాలిని గోకేది. అప్పుడు డబ్బాలో ఇసుక బదులు పోయడానికి కొత్తగా కొన్న గుళికలు గరుకుగా ఉన్నాయి. సన్న ఇసుక ఐదు సెంటీమీటర్ల మందాన పోశాక మళ్ళీ తవ్వడం మొదలుపెట్టింది. రెండు పిల్లులుంటే మూడు డబ్బాలు వేర్వేరు చోట్ల పెట్టాలి. దయచేసి దాన్ని కొట్టకండి, తిట్టకండి.

ఇంకొకటి. మగపిల్లి పదేపదే డబ్బాలోకి వెళ్ళి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే వెంటనే పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తండి. మూత్రం దారి మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

పెరటి కాపరి:
డబ్బాలోనే ఉందన్న మాట ఒప్పుకుంటాను. కానీ రెండో పిల్లి వచ్చాకే ఎందుకు మొదలైంది? ఇసుక మారలేదు కదా.

నీలికళ్ళు:
మూత్రం మామూలుగానే పోస్తోంది. ఇసుకా పాతదే. నిన్న రాత్రి కూర్చుని చూశాను. డబ్బా బాల్కనీ మూలన ఉంది, బయటికి రావడానికి ఒకటే దారి. పెద్దది లోపలికి వెళ్ళగానే చిన్నది గుమ్మంలో పొంచి కూర్చుంటోంది. ఇది పని కాగానే రెండు గోకులు గోకి, చెవులు వెనక్కి వాల్చి దూకి పారిపోతోంది. ఈ రోజు హాల్లో రెండు దారులున్న చోట ఇంకో డబ్బా పెట్టాను.