సాపర్లకు ఇళ్ళ మధ్య పోరు: కళ్ళంలో ఎలా నేర్పాలి?

కాలవగట్టు: సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం మద్రాస్ సాపర్స్‌లోకి వెళ్ళే కుర్రాళ్ళు అయిదారుగురు ఉన్నారండి. మందుపాతరలు (మైన్లు) వెతకడం, వంతెన కట్టడం ట్రైనింగ్ సెంటర్లో నేర్పుతారు. ఇళ్ళ మధ్య ఇన్‌ఫాంట్రీలా, అంటే పదాతిదళంలా, పోరాడటం తెలియాలంటే ముందు ఏం అలవాటు చెయ్యాలి? ఖాళీ కళ్ళం ఉంది, ముగ్గుపిండి ఉంది. అంతే.

మాధవరం సుబేదార్: అది చాలు. ముందు చేతులు లెక్కెయ్యండి. సాపర్ చేతిలో మైన్లు పట్టే డిటెక్టరో, గునపమో, సమ్మెటో ఉంటుంది, రైఫిలు వీపున ఉంటుంది. అందుకని జంటలు కట్టండి. ఒకడిది పని, రెండోవాడిది కాపలా. కొత్తవాళ్ళ తప్పు ఒక్కటే, గోడ పగులుతుంటే ఇద్దరూ గోడకేసే చూస్తారు. కాపలావాడి కళ్ళు పని మీద పడకూడదు. పనివాడు లేచి రైఫిలు భుజానికి తెచ్చుకునేదాకా వాడు తన వైపు వదలకూడదు. మార్పు చెప్పడానికి భుజం మీద తట్టు. సమ్మెట చప్పుడులో కేక వినపడదు.

పెంకుటిల్లు: రైఫిలు బదులు పచ్చి కొబ్బరి మట్ట మూడడుగుల పైచిలుకు కోసి ఇవ్వండి. మన సైన్యం ఇన్సాస్ రైఫిలు పొడవూ ఇంచుమించు అంతే. దాని బరువు నాలుగు కిలోలు దాటుతుంది కాబట్టి మట్టకి ఇసక సంచి కట్టాలి. ఎండు మట్ట ఇస్తే మలుపులో చెయ్యి ఎంత లాగుతుందో తెలియదు. గుమ్మం దగ్గర మట్ట కొన గీత దాటిందంటే తప్పు. లోపలివాడు ముందు దాన్నే చూస్తాడు.

మాధవరం సుబేదార్: మండువా ఇల్లు గియ్యండి. నాలుగు వైపులా గదులు, మూడడుగుల గుమ్మాలు. కుర్రాళ్ళు తిన్నగా మండువాలోంచి అడ్డంగా పరిగెడతారు. అన్ని గదుల చూపూ పడేది అక్కడే. గదిలోంచి గదిలోకి తిరిగి రావాలి. ఇంకోటి, గోడకి భుజం ఆనించి నడవనివ్వకండి. ఏటవాలుగా తగిలిన తూటా గోడ వెంటే జారుతుంది. జానెడైనా ఎడం ఉండాలి.

గౌతమి పాయ: వీధిలోకే దిగకుండా పోవచ్చు కదండీ. 1943 డిసెంబరులో ఇటలీలోని ఓర్టోనాలో కెనడా సైనికులు ఇంటికీ ఇంటికీ మధ్య గోడలు పగలగొట్టుకుంటూ వెళ్ళారు.

మాధవరం సుబేదార్: ఆయ్, సాపర్ అవసరం అక్కడే. కానీ సాపర్లని ఉత్త ఇన్‌ఫాంట్రీగా తోస్తే ఏమవుతుందో స్టాలిన్‌గ్రాడ్ చూడండి. 1942 నవంబరులో జర్మన్లు బయటి డివిజన్ల నుంచి అయిదు పయనీర్ బెటాలియన్లు, అంటే వాళ్ళ సాపర్ దళాలు, రప్పించి బారికాడీ ఫ్యాక్టరీ వైపు దాడికి దింపారు. గోడలు బద్దలుకొట్టడం వాళ్ళకి వచ్చు. పట్టిన భవనాల్లో నిలబడటానికి వెనక ఇన్‌ఫాంట్రీ చాల్లేదు. బాగా నష్టపోయారు. అందుకే గది తీసుకున్నాక ఎవరు ఆగాలి, ఎవరు ముందుకెళ్ళాలి అన్నది గుమ్మం దాటకముందే తేలిపోవాలి.

కోటిపల్లి రేవు: సామాను సంగతి ఎవరూ ఎత్తలేదు. సమ్మెట, గునపం, తాడు ఒక్కడికే తగిలించకండి. వాడు పడిపోతే సెక్షను, అంటే ఆ చిన్న జట్టు, మొత్తం అక్కడే నిలిచిపోతుంది. మెట్లెక్కేటప్పుడు బరువున్నవాడు ముందుండకూడదు, రెండోవాడో మూడోవాడో కావాలి.

పెంకుటిల్లు: ఇసక బస్తాలు కూడా పేర్పించండి. ముప్పావు వంతే నింపాలి. నిండుగా కుక్కితే గుండ్రంగా ఉండి జారిపోతుంది. ఇటుకల్లాగే అతుకు మీద అతుకు రాకుండా పేర్చి, ప్రతి వరసనీ చెక్కతో చదును చెయ్యాలి. మూతి లోపలి వైపుకి. మన నల్లరేగడి బురదతో నింపితే బరువు ఎక్కువ, తూటాని ఆపడం తక్కువ. గోదారి పొడి ఇసకే నయం.

గౌతమి పాయ: డాబాల్లో నాలుగున్నర అంగుళాల గోడ చాటున కూర్చోవచ్చా?

పెంకుటిల్లు: కనపడకుండా ఉండటానికి పనికొస్తుంది. తూటాని ఆపుతుందనుకోవద్దు. 7.62 మిల్లీమీటర్ల తూటా పదే పదే తగిలితే తూట్లు పడుతుంది. కిటికీ దగ్గర నిలబడకుండా గది లోపలికి జరిగి, చీకట్లోంచి చూడటం నేర్పండి.

కాలవగట్టు: నిన్న వానకి ముగ్గంతా చెరిగిపోయిందండి.

కోటిపల్లి రేవు: మేకులు పాతి కొబ్బరి తాడు నడుమెత్తున కట్టండి. మోకాలెత్తున కడితే కాళ్ళకి అడ్డం పడి బోర్లా పడతారు. నడుమెత్తున ఉంటే మట్ట తగలగానే తాడు ఊగుతుంది. గోడని ఎవడు గుద్దాడో ఎవరూ చెప్పక్కర్లేదు.