అఒకి హిరొయుకి షింతైదో: షోటోకాన్ పిల్లలకు ఎట్ల మొదలుపెట్టాలె?

హన్మకొండ_డోజో:
కరాటేల షోటోకాన్ శైలి నేర్పుతున్న. బ్లూ, బ్రౌన్ బెల్టు పిల్లలకు స్పీడుకు తక్కువ లేదు గాని పంచ్ కొట్టంగనే భుజాలు చెవుల దాకా లేస్తయి. వారానికి ఒక పూట షింతైదో అనే జపాన్ వ్యాయామ సాధన చేయించాలని ఉన్నది. దాన్ని స్థాపించిన అఒకి కరాటే మనిషే అంటరు. మరి చేతులు ఆకాశం దిక్కు తెరుచుడు, గొంతెత్తి ఉరుకుడు కరాటేల నుంచి ఎట్ల వచ్చినయి? ఇది, తైదో ఒకటేనా? జేఎన్ఎస్ గ్రౌండ్ల పొద్దున గంట టైం, 20 మంది. ఏం పెట్టాలె, ఏది వద్దు?

షోటోకై_వరంగల్:
ఒకటి కాదు మాస్టర్. తైదోను 1965లో పెట్టింది షుకుమినె సెయికెన్, ఒకినావా ఆయన. ఒళ్లు తిరుగుడు, వంగుడు, పల్టీలు దాని ప్రాణం, పోటీలు కూడా ఉంటయి. అఒకిది వేరే దారి.

అఒకి 1936ల యొకొహామాల పుట్టిండు. చూఓ యూనివర్సిటీ కరాటే క్లబ్బుల ఎగామి షిగెరు దగ్గర నేర్చుకున్నడు. ఎగామి షోటోకాన్ మూలపురుషుడు గిచిన్ ఫునకోషి శిష్యుడు, అంటే మీ షోటోకాన్ వంశమే. మీ ప్రశ్నకు జవాబు ఎగామి దగ్గరనే దొరుకుతది. ఆయన తన పొట్ట మీద రకరకాల మనుషులతోని గుద్దించుకొని చూసిండు. బాక్సర్ల దెబ్బ లోపలికి దిగింది, కరాటే వాళ్ల దెబ్బ పైపైననే ఆగింది. కారణం బిగింపు. పిడికిలి, మోచెయ్యి, భుజం ముందే బిగిస్తే ఆ కండలే పంచ్‌కు బ్రేకు వేస్తయి. అందుకే ఎగామి ఒళ్లు వదులు చేసి, స్టాన్స్ (కాళ్ల మీద నిలబడే తీరు) కిందికి దించి, దెబ్బను అవతలి మనిషిని దాటిపోయేటట్టు సాధన చేయించిండు.

అఒకి దాన్ని ఇంకా ముందుకు తీసుకపోయిండు. 1960ల రెండో సగంల రకుతెన్‌కై అనే బృందంతోని కలిసి సాధన చేసి, మూసిన పిడికిలి స్థానంల పూర్తిగా తెరిచిన చెయ్యి పెట్టిండు. దాన్నే కైషోకెన్ అంటరు. తెన్షిన్‌గొసో, ఎయికో అప్పుడు తయారైనవే: మొదటిది శబ్దాలతోని చేతులు కదిలించే వరుస, రెండోది గొంతెత్తి ఉరుకుడు. కాబట్టి చేతులు తెరుచుడు కరాటేను వదిలేసుడు కాదు, పంచ్ వదులు చేసే పనిని ఒళ్లంతటికీ పెంచుడు. పిల్లలకు ముందుగాల ఇదే చెప్పండ్రి, లేకుంటే డ్యాన్స్ అనుకుంటరు.

నేల_మీద_పాదం:
చరిత్ర అన్న చెప్పిండు గనుక నేను గంట సంగతి చెప్త.

మొదటి 10 నిమిషాలు ఎగురుడు, చేతులు దులుపుడు. ఇది తొందరగ ముగించవద్దు, భుజాలు కిందికి రావడానికి అంతసేపు పడతది.

తర్వాత వకమే, అంటే నీళ్లల్ల సముద్రపు నాచు లెక్క ఒళ్లు ఊగుడు. ఇద్దరిద్దరు. ఒకరు పాదాలు నేలకు ఆనించి వదులుగ నిలబడాలె, ఇంకొకరు అరచేతి తోని వీపు మీదనో భుజం మీదనో రెండు మూడు సెకన్లు మెల్లగ నూకాలె. నూకుడు ఒంట్ల నుంచి పోనిచ్చి, మళ్ల నిటారుగ రావాలె. ఇక్కడ రెండు తప్పులు. నిలబడ్డోళ్లు ఎటు నూకుతరో ముందే ఊహించి ఒంగుతరు, అందుకే కండ్లు మూయించండ్రి. నూకేటోళ్లు వేళ్లతోని పొడుస్తరు, అప్పుడు అవతల ఒళ్లు గట్టిపడి సాధన అంతా పోతది.

తెన్షిన్‌గొసో ఉమ్‌తోని మొదలై ఆ, ఏ, ఈ, ఓ అనుకుంట మళ్ల ఉమ్‌కు వస్తది. మొదటి నెల ఆ, ఓ చాలు. ఏ, ఈ శబ్దాలల్ల చేతుల దారి తెలిసిన టీచర్ దగ్గర ప్రత్యక్షంగా చూసినంకనే పెట్టండ్రి. ఆలో చేతులు పొట్ట ముందు నుంచి లేసి తల మీద విచ్చుకుంటయి, చూపు ఆకాశం దిక్కు పోతది. ఓలో చేతులు బార్లా చాపి లోకమంతా పొదువుకున్నట్టు ముందుకు తెస్తం.

మెడ జాగ్రత్త. ఆలో ఛాతి లేపమంటే పిల్లలు నడుము విరిచి తల వెనకకు పారేస్తరు. నడుము నొస్తది, కండ్లు తిరుగుతయి. మడిమలు నేలకు నొక్కి, రొమ్ము ఎముక పైకి లేపి, చివరికి చూపు ఎత్తమనండ్రి.

హన్మకొండ_డోజో:
చాలా ఉపయోగం అన్నా. గొంతు సంగతి చెప్పండి. మా పిల్లలు కియాయ్ (దెబ్బతోని వేసే కేక) లెక్కనే అరుస్తరు. మరి వేళ్లు ఎంత చాపాలె?

నేల_మీద_పాదం:
కియాయ్ చిన్నగ తెగిపోతది, ఇది ఊపిరి మొత్తం అయ్యేదాకా సాగాలె. పిల్లలకు ఎనిమిది సెకన్లు మస్తు. గొంతు గీసుకపోయినట్టు వినపడితే దవడ బిగిసిందని అర్థం, సగం సప్పుడుతోని చేయించండ్రి. తల తేలిపోయినట్టున్నోళ్లను కూసోబెట్టి మామూలు ఊపిరి తీయనియ్యాలె.

వేళ్లు బలవంతంగ చాపితే బిగుసుడు మణికట్టు నుంచి భుజం దాకా ఎక్కుతది, మొదటి జబ్బే మళ్ల వస్తది. అరచెయ్యి నడుమ నుంచి తెరువుమనండ్రి. బొటనవేలు ముడుచుకున్నదా చూడండ్రి, అందరూ అక్కడనే దొరుకుతరు.

షోటోకై_వరంగల్:
ఎయికో ఉరుకుడు 20 మందితోని ఒక్కసారి పెట్టొద్దు. తల ఎత్తి చేతులు పైకి పెట్టి ఉరుకుతరు గనుక ముందున్నది కనపడదు. ఐదుగురి వరుసలు, మనిషికి మనిషికి రెండు బారల ఎడం, 30 మీటర్లు చాలు. సిమెంటు మీద అస్సలు వద్దు, గడ్డి దిక్కు తీసుకపోండ్రి, రాళ్లు ముందే ఏరించండ్రి. ఎండకాలం ఏడు కొట్టకముందే అయిపోవాలె.

చివరి 15 నిమిషాలు తప్పకుండ ఒయి-జుకి (అడుగు ముందుకేసి కొట్టే పంచ్) కొట్టించండ్రి, ప్యాడ్ మీద. ఇద్దరికొక ప్యాడ్, పది దెబ్బలు బిగించి, పది వదులుగ. ఏ దెబ్బకు అడుగు వెనకకు పడ్డదో ప్యాడ్ పట్టినోళ్లను అడగండ్రి. వదులు అంటే మోచెయ్యి చివరికి టక్కున తాళం పడేటట్టు ఇసిరేసుడు కాదు, అట్ల చేస్తే కీలు నొస్తది. ముందు కాలు మోకాలు లోపలికి పడకుండ, రెండో వేలి దిక్కే చూడాలె. స్టాన్స్ కిందికి దించిన రోజు ఇదే ముందుగాల చెడిపోతది.