క్వేకర్ స్త్రీలను తీర్చిదిద్దింది బడా, మౌనసభా?

నిత్యపాఠకురాలు:
1848లో అమెరికాలోని సెనెకా ఫాల్స్‌లో జరిగిన స్త్రీల హక్కుల సభకు పిలుపునిచ్చిన ఐదుగురిలో ఎలిజబెత్ స్టాంటన్ తప్ప అందరూ క్వేకర్ కుటుంబాలవారే (క్వేకర్లంటే 17వ శతాబ్దంలో ఇంగ్లండులో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవారు). అందుకు కారణం వాళ్ల బడులేనని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. సంప్రదాయ క్వేకర్ల ప్రార్థనసభలో పాస్టరు ఉండరు. అందరూ మౌనంగా కూర్చుంటారు. లోపలి నుంచి ప్రేరణ కలిగినవారు లేచి మాట్లాడతారు, స్త్రీ అయినా, పనిమనిషి అయినా. ఇళ్లలో పనిచేసిన మేరీ ఫిషర్ 1658లో ఒట్టోమాన్ సుల్తాను ఎదుట నిలబడి తన విశ్వాసం గురించి చెప్పారు. ఆ ధైర్యాన్ని ఏ బడి నేర్పుతుంది?

పాతపుస్తకం:
ధైర్యం సరే, అక్షరం మాటేమిటి? క్వేకర్ శాఖ స్థాపకుడు జార్జ్ ఫాక్స్ 1668లోనే లండన్ దగ్గర షాకిల్‌వెల్‌లో ఆడపిల్లలకు బడి పెట్టించారు. యార్క్‌షైర్‌లోని ఆక్‌వర్త్ పాఠశాల 1779లో మొదలైనప్పుడే ఆడపిల్లలనూ చేర్చుకుంది. ఆక్స్‌ఫర్డ్ స్త్రీలకు డిగ్రీలిచ్చింది 1920లో! పైగా మీరు మెచ్చుకునే సమానత్వానికీ హద్దుంది. 1673 నుంచి లండన్‌లో పురుష బోధకుల సభ ఒకటి రాతప్రతులను పరిశీలించేది. స్త్రీ మాట్లాడవచ్చు, కానీ ఆమె రాసినది అచ్చుకు వెళ్లాలంటే మగవారు సరేననాలి.

నిత్యపాఠకురాలు:
ఆ కట్టడి నిజమే, నాకూ బాధగానే ఉంటుంది. మరి మీ బడి సంగతి? మీరు చెప్పే బడికి ఉదాహరణగా, సెనెకా ఫాల్స్ సభకు పిలుపునిచ్చిన ఐదుగురిలో ఒకరైన లుక్రీషియా మాట్ న్యూయార్క్ రాష్ట్రంలోని నైన్ పార్టనర్స్ క్వేకర్ పాఠశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఫీజు ఒకటే. ఉపాధ్యాయినులకు మాత్రం మగవారి జీతంలో సగం. అది అన్యాయమని ఆమెకు పాఠ్యపుస్తకం చెప్పలేదు. ప్రతి మనిషిలోనూ దేవుని వెలుగు ఒకటే ఉందని చిన్ననాటి నుంచి నమ్మినందువల్లే ఆమె దాన్ని సహించలేకపోయారు.

తెల్లకాగితం:
మీరిద్దరూ స్త్రీల వ్యవహార సభలను మరిచిపోయారు. 17వ శతాబ్దంలోనే ఆ సభల్లో స్త్రీలు పేదల సహాయనిధి చూసేవారు, పెళ్లి చేసుకోబోయేవారి గురించి విచారించేవారు, తీర్మానాలు రాసిపెట్టేవారు. నా దృష్టిలో అసలు చదువు అదే.

పాతపుస్తకం:
తీర్మానం రాయాలంటే ముందు రాత రావాలి కదా. అది నేర్పింది ఎవరు? మళ్లీ బడి దగ్గరికే వచ్చాం.

తెల్లకాగితం:
బడి దాకా ఎందుకండీ, ఇంగ్లండులో తొలితరం క్వేకర్ మార్గరెట్ ఫెల్ ఉన్న స్వార్త్‌మోర్ హాల్ ఇంటికి రండి. స్త్రీలు బోధించడం న్యాయమేనని 1666లో రాసినప్పుడు ఆమె లాంకాస్టర్ జైల్లో ఉన్నారు. ఆమె కూతురు సారా ఫెల్ ఆ ఇంటి జమాఖర్చులు పైసా పోకుండా రాశారు. 1673 నుంచి 1678 వరకు ఆమె రాసిన ఖాతా పుస్తకం ఇప్పటికీ ఉంది. స్త్రీల సభలో తీర్మానాలు రాసే బాధ్యతా ఆమెదే.