చెయ్యి మొద్దుబారితే గ్లాసు ఎందుకు జారుతుంది?

ప్రశ్న: కళ్లు మూసుకుని స్టీలు గ్లాసు ఎత్తినా జారదు. వేళ్లు మొద్దుబారితే జారుతుంది, లేదంటే నొక్కేస్తాం. బలం తగ్గలేదుగా?

జవాబు 1: బలం కాదండీ, సమాచారం తగ్గింది. తాకగానే వేలికొనల్లోని గ్రాహకాలు (స్పర్శను పసిగట్టే నరాల కొనలు) వస్తువు నునుపెంతో మెదడుకు చెబుతాయి. కాస్త జారితే దాదాపు 70 మిల్లీసెకన్లలోనే, మన ప్రమేయం లేకుండా, పట్టు బిగుస్తుంది. స్వీడన్‌లో జొహాన్సన్, వెస్ట్‌లింగ్ అనే పరిశోధకులు 1984లో దీన్ని కొలిచి చూపారు. మత్తిచ్చిన వేళ్ల నుంచి ఆ కబురందదు, అందుకే అతిగా నొక్కుతాం.

జవాబు 2: అది సగమే. బరువును మెదడు పాత అనుభవంతో ముందే అంచనా వేస్తుంది. నిండుగా ఉందనుకున్న చెంబు ఖాళీగా ఉంటే చెయ్యి ఎగిరిపోయేది అందుకే! ఆ పొరపాటును చూసి తర్వాతి ఎత్తుడును సవరించడంలో చిన్నమెదడుది (మెదడు వెనుక కింది భాగం) పెద్దపాత్ర.

జవాబు 3: స్పర్శ తగ్గినవారు దాన్ని మళ్లీ సాధన చేయడానికి, కళ్లు మూసుకుని నాణెం, గుడ్డ, ఇసుక కాగితం గుర్తుపట్టి, తెరిచి సరిచూసుకోవాలి. వేడి గిన్నెలు మాత్రం చూడకుండా ముట్టుకోవద్దు.