పెళ్లిలో మర్చిపోయే చిన్న పనులు: లిస్టు చాలా, మనిషి కావాలా?

పెళ్లికూతురి అన్న:
మా చెల్లి పెళ్లి ఈమధ్యే అయింది. ఆరు నెలల ముందు నుంచే లిస్టు రాశాను. 140 పనులు, ప్రతిదానికీ ఒక తేదీ. అందరి ఫోన్లకూ పంపాను కూడా. అంతా అయ్యాక రాత్రి 11 గంటలకు నలుగురం నిలబడి ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కానుకల కవర్లు వేసిన సంచి ఎవరి దగ్గరుంది? లిస్టు తీసి చూస్తే "కవర్లకు సంచి" అనే పని ఉంది, దానికి టిక్కు కూడా ఉంది. సంచి కొన్నాం కదా మరి! దాన్ని రాత్రిదాకా ఎవరు పట్టుకోవాలో మాత్రం రాయలేదు. చివరికి కుర్చీల దొంతర వెనక దొరికింది.

అప్పటినుంచి నా అభిప్రాయం ఒకటే. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లే చోటే పనులు జారిపోతాయి. అలంకరణవాళ్లు కరెంటు హాలువాళ్లు చూస్తారనుకుంటారు, హాలువాళ్లేమో వాళ్లే తెచ్చుకుంటారనుకుంటారు. ఎంత పెద్ద లిస్టయినా దీన్ని పట్టుకోలేదు. ఆ రోజు ఫోన్ పట్టుకుని తిరిగే మనిషి ఒకరు కావాలి. డబ్బిచ్చి పెట్టుకున్నా సరే, చుట్టమైనా సరే, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ వాళ్ల అమ్మానాన్నలూ మాత్రం కాకూడదు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
ఒప్పుకోను బాబూ. ప్లానే తప్పయితే ఎంత చురుకైన మనిషిని పెట్టినా ఏం లాభం? చిన్న లెక్క చెప్తాను. 300 మంది అతిథులు ఒక్కొక్కరూ వచ్చి పలకరించి వెళ్లడానికి 20 సెకన్లు వేసుకో. మొత్తం 6,000 సెకన్లు, అంటే 100 నిమిషాలు. కుటుంబం ఫొటోలు 25 గుంపులు, గుంపుకి 3 నిమిషాల చొప్పున ఇంకో 75 నిమిషాలు. రెండూ కలిపితే దాదాపు మూడు గంటలు. నేను చూసిన ఒక ప్లానులో ఈ రెండింటికీ కలిపి రాసింది 45 నిమిషాలు! దాంతో భోజనాలు ఆలస్యం, పెద్దవాళ్లకు నీరసం, పిల్లల ఏడుపులు. ఆ రోజు ఆ మనిషి పరుగెత్తి ఏం చేస్తాడు, గడియారం ముల్లు వెనక్కి తిప్పుతాడా? నెల ముందు ఒక గంట కూర్చుని ఎక్కాలు వేసుకుంటే తీరే సమస్య ఇది.

కెమెరా వెనక:
మాస్టారి లెక్క కరెక్టే, కానీ ఆ 3 నిమిషాల్లో రెండు నిమిషాలు మనుషుల్ని వెతకడానికే పోతాయండీ. "పెళ్లికూతురి బాబాయిగారి కుటుంబం రండి" అని నేను అరిస్తే ఎవరొస్తారు? వాళ్లెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్లకు తెలియదు. రెండు వైపుల నుంచీ మొహాలు తెలిసిన ఒక్కొక్కరు పక్కన నిలబడి పిలిస్తే ఆ 75 నిమిషాలు 40 అవుతాయి. అందుకే నా ఓటు మనిషికే.

ఇంకో సంగతి. బయట ఫొటోలు కావాలంటారు, ఆ రోజు సూర్యాస్తమయం ఎన్నింటికో ఎవరూ చూసుకోరు. మంచి వెలుతురు పొద్దుగూకే ముందు గంటలోనే ఉంటుంది. ఒక్క అరగంట ఆలస్యమైతే మేం లైట్లు మోసుకు తిరగాలి. అన్నట్టు, పొద్దున్నుంచి నిలబడి పనిచేసే మాకూ, పాటలవాళ్లకూ, డ్రైవర్లకూ భోజనం లెక్కలో వేసేవాళ్లు తక్కువ. నొప్పి ఉండి చెప్తున్నా, ఏమనుకోకండి.

మూడు పెళ్లిళ్లు చేసినమ్మ:
మనిషి కావాలనడం సులువే నాయనా. ఆ మనిషికి ఆ రోజు పెళ్లి ఉండదు, అది ఎవరికీ పట్టదు. మా పెద్దమ్మాయి పెళ్లికి మా చెల్లెలు అన్నీ తానై చూసింది. ఆల్బమ్ వచ్చాక తిరగేస్తే ఒక్క ఫొటోలోనూ లేదు. తిన్నావా అని అడిగిన వాళ్లు కూడా లేరు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

రెండో పెళ్లికి బయటి మనిషిని పెట్టుకున్నాం. పని వచ్చిన మనిషే. అయితే మా పెదనాన్నగారు చక్రాల కుర్చీలో వస్తారని ఆ అబ్బాయికి ఎవరం చెప్పలేదు. స్టేజీ ఎత్తు 60 సెంటీమీటర్లు. అప్పటికప్పుడు రెండు మీటర్ల చెక్క వేశారు. అంత నిటారుగా ఉంటే కుర్చీ ఎలా ఎక్కుతుంది? నలుగురు ఎత్తుకెళ్లారు, ఆయన మొహం చిన్నబోయింది. ర్యాంపుకు 1కి 12 లెక్క, ఎత్తుకు పన్నెండింతల పొడవు, ఉంటుందని తర్వాత తెలిసింది. అంటే ఆ ఎత్తుకు ఏడు మీటర్ల పైచిలుకు కావాలి, కింద వరసలో కుర్చీలు తీస్తే తప్ప పట్టదు.

మూడో పెళ్లికి పని పంచేశాం. హాలు సంగతులు బయటి మనిషికి, మనుషుల సంగతులు ఇంట్లోవాళ్లకి. ఇంట్లోవాళ్లలోనూ పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. అదొక్కటే కాస్త ప్రశాంతంగా జరిగింది.

చిన్న పెళ్లి:
అసలు ఇంత హడావిడి ఎందుకండీ? మేం 40 మందితో చేసుకున్నాం. లిస్టు అర పేజీ. మేనేజరూ లేడు, టెన్షనూ లేదు.

మూడు పెళ్లిళ్లు చేసినమ్మ:
ఏమీ మర్చిపోలేదా తల్లీ, నిజం చెప్పు.

చిన్న పెళ్లి:
సరే అమ్మా, దొరికిపోయాను. హనీమూన్ విమానం టికెట్లు ఉత్సాహంగా కొత్త ఇంటిపేరుతో బుక్ చేశాను. పాస్‌పోర్టులో ఉన్నది పాత పేరు. పెళ్లయిన మర్నాడంతా ఆ పేరు మార్పించడానికే సరిపోయింది.

లెక్కల మాస్టారు:
ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గుతాను. మిగిలిన భోజనం. వండిన పదార్థాన్ని మామూలు గది వేడిలో రెండు గంటలు మించి ఉంచొద్దని, వడ్డించేదాకా 60 డిగ్రీల పైన ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇది ప్లానులో రాసుకోవచ్చు. కానీ మూతలు ఎప్పుడు తీశారో గుర్తుంచుకుని, రాత్రి చుట్టాలు డబ్బాలు తెస్తే "ఇది పంచొద్దు, పారేయండి" అని గట్టిగా చెప్పడానికి మాత్రం మనిషే కావాలి. మొహమాటం లేని మనిషి. ఫొటోల టైము విషయంలో నా మాట మీదే ఉన్నాను.

పెళ్లికూతురి అన్న:
వచ్చే ఏడు తమ్ముడి పెళ్లి. మీ మాటలు చదివి పాత లిస్టుకి ఇంకో కాలమ్ కలిపాను: "ఎవరి చేతి నుంచి, ఎవరి చేతికి". పేర్లు నింపుతున్నాను.

మూడు పెళ్లిళ్లు చేసినమ్మ:
మంచిది నాయనా. ముందు మీ చెల్లి పెళ్లి లిస్టుకే ఆ కాలమ్ నింపి చూడు. పెళ్లికూతురి పేరు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టు.

పెళ్లికూతురి అన్న:
నింపానమ్మా. 31 సార్లు.