‘దక్షు లెవ్వార లుపేక్ష...’ : నెగ్లిజెన్స్‌కు ఏ మాట?

అనువాదకురాలు, నాంపల్లి:
మోటారు ప్రమాదాల పరిహారం తీర్పులను తెలుగు చేస్తుంటాను. పోలీసు కాగితాల్లో ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అని సిద్ధంగా ఉంటుంది, దాన్ని అలాగే దింపేస్తాను. తీర్పులో నెగ్లిజెన్స్ వచ్చినచోటే కలం ఆగుతోంది. పత్రికలు వాడే ‘నిర్లక్ష్యం’ మనిషి మనసును తప్పుపడుతుంది, లెక్కచేయలేదు అంటుంది. ఇంగ్లీషు వాళ్ల మామూలు మాటల్లోనూ ఆ ధ్వని ఉంది, కోర్టులో మాత్రం లేదు. ‘ఉపేక్ష’ అందామంటే తిక్కనగారి పద్యమొకటి సగం గుర్తొచ్చి వెంటపడుతోంది: ‘దక్షులెవ్వరు ఉపేక్ష చేసిరి... వారల చేటగు’. రాయబారం ఘట్టం. పూర్తి పద్యం ఎవరైనా పెడతారా? అక్కడి ఉపేక్ష, కోర్టు నెగ్లిజెన్స్ ఒకటేనా?

పద్యప్రియుడు, చిక్కడపల్లి:
సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్య శుభదాయక మయ్యును దైవ ముండెడిన్.

ధర్మాన్ని పాపం, సత్యాన్ని బొంకు చెరుస్తుంటే ఆపగలవారు ఊరుకుంటే అది వారికే చేటు, ధర్మాన్నీ సత్యాన్నీ నిలబెట్టడానికి దైవం ఉంది అని భావం. ‘ఎవ్వరు’ అంటే పద్యం కూలిపోతుందమ్మా. సార, బార, వ్వార, స్తార: నాలుగు పాదాల్లోనూ ప్రాస ముందు దీర్ఘమే. ‘ఎవ్వారలు’ అన్న మాటను పాదం చివర విరిచి ‘వ్వా’తో మూడో పాదం ఎత్తుకున్నాడు. ఆ విరుపు దగ్గర ఆగి పైకి చదవండి. ‘దక్షు లె’ అంటూ కృష్ణుడు సభనంతా కలియజూసి, ‘వ్వారలు’ అని నిలదీసినట్టు ఉంటుంది. భీష్ముడి పేరు ఎత్తలేదు, ద్రోణుడి పేరు ఎత్తలేదు. తగలవలసిన వారికి తగిలింది. తిక్కన నాటకీయత అంతా ఇలాంటి విరుపుల్లోనే ఉంది.

తెలుగు మాస్టారు, మల్కాజిగిరి:
మేము బడిలో ‘ఉపేక్ష చేసిరి’ అని వల్లె వేశాం. ఇప్పటికీ మా పిల్లలు అలాగే అప్పజెబుతారు. యతి ‘వ్వా’కు ‘వా’తో కుదిరింది కనుక ఇక్కడ ‘చే’ అయినా ‘సే’ అయినా ఛందస్సుకు అభ్యంతరం లేదు. ‘సేసిరి’ అనే తీరాలనడానికి ఆధారం ఏమిటి?

పద్యప్రియుడు, చిక్కడపల్లి:
గసడదవాదేశం, అంటే ‘చ’ ‘స’గా మారే సంధి. బహుళమే, మారకపోనూవచ్చు, కాదనను. కానీ ‘క్ష’ తరువాత ‘స’ జారిపోతుంది, ‘చ’ అడ్డం తగులుతుంది. తిక్కన చెవి ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

తెలుగు మాస్టారు, మల్కాజిగిరి:
చెవి ఆధారం కాదండీ. తాళపత్రం కావాలి.

వకీలు, పురానీ హవేలీ:
అడిగిన ప్రశ్న పక్కకు పోతోంది. అమ్మా, మీ అనుమానం సరైనదే. 1856లో బర్మింగ్‌హామ్ నీటి కంపెనీ కేసులో ఆల్డర్సన్ అనే జడ్జి చెప్పిన నిర్వచనమే ఇప్పటికీ మాకు పునాది: వివేకం గల మామూలు మనిషి చేసే పని చేయకపోవడం, అలాంటి మనిషి చేయని పని చేయడం. అందులో మనసు ఊసు లేదు, నడత ఒక్కటే కొలత. 1971లో ఇంగ్లండులో ఒక కేసు తీర్పయింది. కారు నేర్చుకుంటున్న ఒకామె దీపస్తంభాన్ని గుద్దింది, పక్కన కూర్చుని నేర్పుతున్న ఆయన గాయపడ్డాడు. ఆమె తన శాయశక్తులా జాగ్రత్త పడింది. అయినా నెగ్లిజెన్సే అన్నారు, ఎందుకంటే చేయి తిరిగిన డ్రైవరు నడిపేలా ఆమె నడపలేదు. ఆమెను పట్టుకుని ‘నిర్లక్ష్యం’ అంటే అన్యాయం కాదూ?

నేరం సంగతి వేరు. మన సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో, వైద్యుణ్ణి నేరస్థుడు అనాలంటే తప్పు చాలా తీవ్రమైనదై ఉండాలంది. పరిహారం ఇప్పించడానికి సరిపోయే తప్పు జైలుకు పంపడానికి సరిపోదు. తెలుగులో రెండింటికీ ‘వైద్యుల నిర్లక్ష్యం’ అనే శీర్షికే పెడతారు, చదివేవారు ఆ డాక్టరును అప్పుడే దోషిని చేసేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే.

సంస్కృతం చదివినవాడు, తార్నాక:
మూలం చూడకుండా తిక్కన జోలికి పోవద్దు. వ్యాసుడు ‘హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః’ అన్నాడు. చూస్తూ ఉండగా అధర్మం ధర్మాన్ని చంపితే ఆ సభ్యులే చచ్చినట్టు. ‘ప్రేక్ష’ను తిక్కన ‘ఉపేక్ష’ చేశాడు. రెండింటిలోనూ ఉన్నది ‘ఈక్ష’, అంటే చూపు. కనుక ఉపేక్ష కళ్లు తెరిచి చేసేదే. పైగా మూలంలో లేని ‘దక్షులు’ను తిక్కన చేర్చాడు: ఆపగలిగీ ఆపని వారు. దీన్ని తెచ్చి డ్రైవరు మీద పెడితే ఎలా?

వకీలు, పురానీ హవేలీ:
ఆ ‘దక్షులు’ మీదే నాకు గురి. ఇంగ్లీషు న్యాయంలో దారిన పోయేవాడు మునిగిపోతున్న పరాయి బిడ్డను కాపాడకపోయినా నెగ్లిజెన్స్ కాదు. బాధ్యత ముందు ఉండాలి, ఆ తరువాతే లోపం. తిక్కన చేవ ఉండటాన్నే బాధ్యత చేశాడు. ఇంగ్లీషు న్యాయం ఇంకా అంతదూరం రాలేదు.

పాఠకురాలు, సీతాఫల్‌మండి:
‘నిర్లక్ష్యం వహిస్తే ఉపేక్షించేది లేదు’ అని అధికారులు హెచ్చరించినట్టు పేపర్లో తరచు చూస్తుంటాం. ఒక్క వాక్యంలో రెండు మాటలూ ఉన్నాయి. అక్కడ ఉపేక్ష అంటే చూసీచూడనట్టు వదిలేయడం. అదే యోగసూత్రాల పతంజలి దగ్గరకు వెళితే మైత్రి, కరుణ, ముదితల సరసన ఉపేక్ష సద్గుణం! జనం చెవిలో ఇన్ని అర్థాలున్న మాట తీర్పులో పనికిరాదు.

వకీలు, పురానీ హవేలీ:
హిందీ వాళ్లు వాడుతున్నారు కదమ్మా. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతి, భారతీయ న్యాయ సంహితలో నెగ్లిజెన్స్‌తో ప్రాణం తీయడం గురించిన 106వ సెక్షన్ హిందీ శీర్షికలో ఉన్నది ‘ఉపేక్షా’యే.

సంస్కృతం చదివినవాడు, తార్నాక:
హిందీ వాళ్లు వాడినంత మాత్రాన చూపు లేనిచోట ఉపేక్ష పుట్టదు. 1928లో స్కాట్లండులోని పెయిస్లీలో ఒకామె తాగిన జింజర్ బీరు సీసాలోంచి కుళ్లిన నత్త పడిందన్నారు. 1932 నాటి ఆ తీర్పుతోనే ఆధునిక నెగ్లిజెన్స్ నిలదొక్కుకుంది. అది లోపల ఏముందో కనబడని నల్లటి సీసా. తయారుచేసినవాడు నత్తను చూసి వదిలేశాడని ఎవరూ అనలేదు. చూడవలసినంతగా చూడలేదనే ఫిర్యాదు. దానికి సరైన మాట ‘ప్రమాదం’. సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటే, అది లేనివాడే అప్రమత్తుడు. ఆ ఉద్యోగపర్వంలోనే సనత్సుజాత ముని ‘ప్రమాదం వై మృత్యుమహం బ్రవీమి’ అంటాడు. ఏమరుపాటే చావు! మనం మాత్రం కారణం పేరు తీసుకెళ్లి ఫలితానికి పెట్టుకున్నాం.

అనువాదకురాలు, నాంపల్లి:
‘ప్రమాదం వల్ల ప్రమాదం జరిగింది’ అని తీర్పులో రాయలేను కదండీ. ‘ఏమరుపాటు’ బాగుంది. కానీ బ్రేకులు పాడయ్యాయని తెలిసీ లారీని రోడ్డెక్కించిన యజమానికి అది చాలా మెత్తని మాట. అతనికి ఉపేక్షే అతుకుతుంది.

పాతబస్తీవాసి, శాలిబండ:
మా వీధిలో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. ఏమరుపాటు ‘గఫ్లత్’, లెక్కలేనితనం ‘లాపర్వాహీ’. బండి నడిపేవాడు కునుకు తీస్తే గఫ్లత్, ఫోను చూస్తూ నడిపితే లాపర్వాహీ. ఇంట్లో పెద్దలు తిట్టేటప్పుడు కూడా తేడా పాటిస్తారు.

వకీలు, పురానీ హవేలీ:
ఆ రెండో దానిలో, చట్టంలో నెగ్లిజెంట్‌కు జంటగా వచ్చే ‘రాష్’ కూడా కొంత ఉంది. పోలీసు కాగితాల్లో ‘రాష్’ను ‘అతివేగం’ చేశారు, అసలు చిక్కంతా అక్కడ. వేగం ఒక్కటే దుడుకుతనానికీ అజాగ్రత్తకూ రుజువు కాదని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. అమ్మా, మీరు ముందు ‘దుడుకుగా’ అని మార్చండి.

పద్యప్రియుడు, చిక్కడపల్లి:
‘దుడుకు’ కంటే ‘సాహసం’ పాతది. సంస్కృత కవి భారవి ‘సహసా విదధీత న క్రియామ్’, తొందరపడి ఏ పనీ చేయకూడదు అన్నది ఈ అర్థంలోనే. మనవాళ్లు దాన్ని మెచ్చుకోలు చేసి పాడుచేశారు. ఇక మాస్టారూ, తాళపత్రం అన్నారు కదా, ‘చేసిరి’ పాఠం మీరు ఏ ప్రతిలో చూశారో అది కూడా చెప్పండి.